పాత బండికి చెక్క బాడీ

ముందే చెబుతున్నాను, నేను వెల్డర్ని. ఇనుము చెప్పిన మాట వింటుంది. వంచితే వంగుతుంది, అతికితే అతుక్కుంటుంది. చెక్క అలా కాదు. ఎండకు ఒక వేషం వేస్తుంది, వానకు ఇంకొకటి. అందుకే మా బావ ఆ పాత పికప్ బండికి చెక్కతో బాడీ కడతానన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. బండి వెనక తుప్పు పట్టిన తొట్టిని గ్యాసు కట్టరుతో కోసి పడేసింది నేను. చాసిస్ గీకి రంగు కొట్టింది నేను. తీరా కొత్తది కట్టే వేళకు ఆయనగారు చిత్రిక పట్టుకుని తయారయ్యాడు.

“నా షెడ్డులో ఛానెళ్లు ఊరికే పడి ఉన్నాయి బావా. రెండు రోజుల పని. బిగించి ఇచ్చేస్తాను,” అన్నాను.

“నీ ఇనప తొట్టి బరువు మోయడానికే బండి సగం అలిసిపోతుంది,” అన్నాడు. “మా అమ్మాయి నడిపే బండి ఇది. నేనే కడతాను. కింద బిగించడానికి నాలుగు పట్టీలు చేసిపెట్టు, చాలు.”

పట్టీలు చేసిపెట్టాలట. ఈ చుట్టుపక్కల సగం ఇళ్ల గేట్లు నా చేతి మీదుగా పోయినవే. నన్ను పట్టుకుని పట్టీలు చేసిపెట్టమంటాడు.

బావ అంటే మా అక్క మొగుడు. వడ్రంగి. తలుపులు, కిటికీలు, బీరువాలు చేస్తాడు. ఆయన షెడ్డూ నా షెడ్డూ పక్కపక్కనే, మధ్యలో ఒక్క రేకు గోడ. నా నిప్పురవ్వలు ఆయన రంపప్పొట్టు మీద పడతాయని ఆయన గోల, ఆయన రంపప్పొట్టు నా ముక్కులో దూరుతోందని నా గోల. పనిలో మాత్రం వంక పెట్టలేం. ఒక అతుకు వేశాక తలలోంచి వెంట్రుక పీకి ఆ సందులో దూర్చి చూస్తాడు. దూరిందా, అతుకు ఊడదీసి మళ్లీ చేస్తాడు. ఇలా పీకీ పీకీ నెత్తి మీద వెంట్రుకలన్నీ అయిపోయాయి. ఇప్పుడు రేకు గోడ దాటి వచ్చి నావి పీకుతున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని వెంట్రుక మేస్త్రీ అంటారు. కోప్పడడు సరికదా, లోలోపల మురిసిపోతాడు.

బండి సంగతి చెప్పాలి. అది మా మేనకోడలిది. అక్కకూ బావకూ ఒక్కతే కూతురు, అందరం అమ్మడూ అని పిలుస్తాం. అది డ్రైవరు. సరదాకి కాదు, బతుకుతెరువుకే. ఇళ్లకు సామాన్లు చేరవేసే కంపెనీలో వ్యాను నడిపేది. పోయిన ఏడాది ఎదురుగా అడ్డదారిలో దూసుకొచ్చిన లారీ ఒకటి దాని వ్యానును తోసి పక్కకు పడేసింది. తప్పు లారీవాడిది, విరిగింది దీని కాలు. తొడలో రాడ్డు వేశారు. ఏడాదంతా ఇంట్లో గోడ పట్టుకుని నడిచింది. ఈలోపు కంపెనీ ఇంకొకర్ని పెట్టుకుంది. చేతికర్ర వదిలేసిన కొద్దిరోజులకే తను దాచుకున్నదంతా ఊడ్చి ఈ పాత బండి కొనుక్కొచ్చింది. మా షెడ్ల ముందు ఆపి, “నాన్నా, మావయ్యా, దీన్ని బాగుచెయ్యండి,” అంది.

ఊరి చివర మొక్కల నర్సరీ నడిపే ఆవిడ ఒకరు అమ్మడికి మాటిచ్చారు. వానలు మొదలైతే ఆవిడకు అమ్మకాల కాలం. “అప్పటికి నీ బండి తయారుగా ఉంటే సీజనంతా లోడు నీదే. లేకపోతే నేను ఆగలేనమ్మా, ఇంకో బండి మాట్లాడుకుంటాను,” అన్నారు. అంచేత వానలు పడేలోపు బండికి వెనక బాడీ పడాలి. పడకపోతే అమ్మడు మళ్లీ వెళ్లి ఆ గదిలో కిటికీ పక్కన కూర్చోవాలి. ఆ కూర్చోవడం ఏడాది పాటు చూశాం మేం. మొదట్లో జోకులేసేది, తర్వాత విసుక్కునేది, ఆఖర్న ఏమీ అనడం మానేసింది. ఆ ఏమీ అనకపోవడమే మా అక్క ప్రాణం తోడేసింది.

సరే, బావ మొదలుపెట్టాడు. ఎప్పుడో పాత గోదాము కూల్చినప్పుడు తెచ్చి దాచుకున్న దూలాలు బయటికి లాగాడు. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. చాసిస్ పొడుగునా రెండు దూలాలు. వాటికి అడ్డంగా చిన్న దూలాలు. వాటి మీద నేల చెక్కలు పరవాలి. ముందు క్యాబిన్ అద్దానికి కాపుగా ఒక గట్టి పలక, మిగతా మూడు వైపులా కిందికి వాల్చే డోర్లు. మామూలుగా ఎవరైనా బోల్టులు దిగ్గొట్టి అయిందనిపిస్తారు. వెంట్రుక మేస్త్రీ అలా ఎందుకు చేస్తాడు? ప్రతి అడ్డదూలం చివర నాలుక చెక్కాడు, పొడుగు దూలంలో దానికి సరిపడా బెజ్జం తొలిచాడు, జిగురు పూసి సుత్తితో దించాడు. ఎక్కడా ఒక్క మేకు లేదు. నా నెత్తిన మాత్రం చాలా వెంట్రుకలు పోయాయి. చెప్పకూడదు గానీ, పని చూస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. ఆ మాట ఆయనతో అనలేదనుకోండి.

కొన్నాళ్లు పని చకచకా సాగింది. ఆ తర్వాతే నాకు అనుమానం మొదలైంది. బిగించిన ముందు పలక ఊడదీసి అంచులు గుండ్రంగా చేశాడు. మళ్లీ ఊడదీసి ఇంకాస్త గుండ్రంగా చేశాడు. పక్క డోర్లు ఒక బెత్తెడు ఎత్తు పెంచాడు. పెంచాక బాగాలేదని తగ్గించాడు. నేల చెక్కలకు అవతలి వైపు కూడా, ఎవరికీ కనపడని వైపు, నున్నగా చిత్రిక పట్టాడు.

“బావా, దీని మీద మొక్కలు పెడతారా, పెళ్లికొడుకుని ఊరేగిస్తారా?” అన్నాను.

“తొందరపడితే పని చెడుతుంది,” అన్నాడు తలెత్తకుండా.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి వెనక డోరు బందులు విప్పుతున్నాడు. ఆ డోరు కిందటి రోజే బిగించాడు. తెరిచి మూసి చూసింది నేను. చిటికెన వేలితో తోస్తే వాలింది.

“దానికేం రోగం?” అన్నాను.

“కొంచెం పట్టేస్తున్నట్టుంది.”

“ఏదీ, మళ్లీ బిగించు, చూద్దాం.”

ఆయన బందు చేతిలో పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇంతలో అక్క టీ తెచ్చింది. ఆయన గ్లాసు తీసుకుని దూలాల వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. అక్క నా షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

“ఒరేయ్, పని ఎంతవరకు వచ్చింది?” అంది.

“ఎప్పుడో అయిపోయిందే అక్కా. మీ ఆయనకే ఆ సంగతి తెలియదు.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “ఆయనకు తెలుసురా,” అంది. “బండి వచ్చిన రోజు నుంచి ఆయన కంటి మీద కునుకు లేదు. నిద్దట్లో ఉలిక్కిపడి లేచి, అమ్మడి గది తలుపు దగ్గర నిలబడి చూసి వస్తాడు. ఇనుముతో అయితే నువ్వు రెండు రోజుల్లో కట్టేస్తావు. అందుకే చెక్క అన్నాడు.”

ఇన్నాళ్లూ ఆయన గొప్పకు పోయి నన్ను చిన్నచూపు చూశాడని లోపల ఉడికిపోతున్నాను. తీరా చూస్తే ఇదా సంగతి.

“మరి ఇన్నాళ్లూ చెప్పవేం?”

“ఏమని చెప్పను? నాకు మాత్రం భయం లేదా? పని అవ్వడం లేదని ఒకపక్క ఆయన్ని తిట్టుకుంటాను. ఇంకోపక్క, హమ్మయ్య, ఇవాళ్టికి అది ఎక్కడికీ వెళ్లదు అనుకుంటాను. నాకంటే ఆయనే నయం.” అక్క కొంగుతో మొహం తుడుచుకుని ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులకు నర్సరీ ఆవిడే స్వయంగా వచ్చారు. పడమట మబ్బు కమ్ముతోంది. ఆవిడ చెక్కలు తడిమి చూసి, “బాగా చేశారు మేస్త్రీ,” అన్నారు. “మబ్బు చూశారుగా. సోమవారం పొద్దున మొదటి లోడు ఎత్తాలి. కుదరకపోతే ఇప్పుడే చెప్పండి. నాకు మొహమాటం లేదు, మీకూ వద్దు.”

ఆవిడ వెళ్లిపోయారు. అమ్మడు వెనక లైట్లకు వైర్లు కలుపుతోంది. చేతులు గుడ్డకు తుడుచుకుని వాళ్ల నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

“నాన్నా, అయిందా, కాలేదా? ఒక్క మాట చెప్పు.”

ఆయన ఆ డోరు వంక చూశాడు, నా వంక చూశాడు. “అయింది,” అన్నాడు.

మర్నాడే బాడీని గొలుసుతో పైకెత్తి బండి మీదికి దించాం. ఇక నా వంతు. నేనేమైనా తక్కువ తిన్నానా? ఆయన అతుకులో వెంట్రుక దూరకపోతే నా అతుకులో గాలి కూడా దూరకూడదని పట్టుబట్టాను. నాలుగు పట్టీలన్నాడు కదా, ఎనిమిది చేశాను. చాసిస్‌కు రెండు వైపులా వాటిని వెల్డింగు పెట్టి, దూలాలను వాటికి బోల్టులతో బిగబట్టేశాను. బండీ బాడీ ఒకటే ముక్క అయిపోయాయి. ఇద్దరం చేతులు కట్టుకుని చుట్టూ తిరిగి చూసుకున్నాం. ఆయన నా పట్టీని తట్టి, “పర్వాలేదురా,” అన్నాడు. ఆయన నోట అది పెద్ద మాట. అప్పటికే ఇద్దరం పప్పులో కాలేశామని మాకు తెలియదు.

సాయంత్రం ఇసుక బస్తాలు వేసి నడిపి చూద్దామన్నాం. బావ వెనక ఎక్కి బస్తాల మీద కూర్చున్నాడు. దిగి ముందు కూర్చోమని అమ్మడు బతిమాలింది. “నా చెక్క ఏం మాట్లాడుతుందో నేను వినాలి,” అన్నాడు. నేను అమ్మడి పక్కన కూర్చున్నాను.

అది బండి నడుపుతుంటే చూసి చాలా కాలమైంది. వీధి చివరిదాకా మెల్లగా పోనిచ్చింది. పెద్ద రోడ్డు ఎక్కాక ఎదురుగా ఒక లారీ వచ్చింది. అమ్మడు స్టీరింగు బిగించి పట్టుకుంది, వేళ్లు తెల్లబడ్డాయి. ముఖం మాత్రం తొణకలేదు. లారీ దాటిపోయాక గట్టిగా ఊపిరి వదిలి గేరు మార్చింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఊరి చివర పైపులు వేయడానికి రోడ్డును ఏటవాలుగా తవ్వి, మట్టి పోసి వదిలేశారు. ఎడమ ముందు చక్రం అందులోకి దిగింది. అది ఎక్కేలోపు కుడి వెనక చక్రం పైకి లేచింది. అప్పుడు ఫటేలుమని చప్పుడైంది. వెంటనే ఇంకొకటి. అమ్మడు బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, లైట్లు వేసి దిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి పరిగెత్తాను. బావ బస్తాల మీదే ఉన్నాడు, దెబ్బేమీ తగల్లేదు. ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

వంగి చూశాం. పొడుగు దూలం ఒక బెజ్జం నుంచి పక్క బెజ్జం దాకా నిలువునా చీలింది. అడ్డదూలం నాలుక మెడ దగ్గర పుటుక్కున విరిగింది. నా పట్టీ ఒకటి చాసిస్ నుంచి ఊడి, దాని మీది రేకును కూడా లాక్కొచ్చింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ క్షణాన నా పట్టీ సంగతి గుర్తుకు రాలేదు, అక్క చెప్పిందే గుర్తుకొచ్చింది. “కావాలనే చేశావు కదూ?” అన్నాను. “ఇన్నాళ్లూ ఊడదీసి బిగించి, బిగించి ఊడదీసి కాలం గడిపావు. అది చాల్లేదని ఇప్పుడు ఇదా? అమ్మడు రోడ్డెక్కకూడదని ఇంత పని చేస్తావా?”

అమ్మడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బావ మెల్లగా కిందికి దిగాడు. చీలిన చోట అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“ఆలస్యం కావాలనే చేశానురా,” అన్నాడు. “ఇది మాత్రం కావాలని చెయ్యలేదు. నా చేతి అతుకు ఇంతవరకు ఒక్కటి విరగలేదు. విరిగేదే అయితే నా కూతురు నడిపే బండికి పెడతానా?” అంత మాట ఎందుకన్నానా అని నాకు సిగ్గేసింది.

“ఆలస్యం కావాలని చేశావా నాన్నా?” అంది అమ్మడు.

“అవునమ్మా.”

“ఎందుకు?”

“ఆస్పత్రి వరండాలో నిన్ను స్ట్రెచర్ మీద చూశాను. నువ్వు మళ్లీ రోడ్డెక్కుతానంటే నాకు అదే కనపడుతోంది. వద్దని చెప్పే మొహం లేదు. సరేనని చెప్పే ధైర్యం లేదు.”

కాలు నొప్పి పెట్టిందేమో, అమ్మడు బండికి ఆనుకుని నిలబడింది.

“నాకు భయం లేదనుకున్నావా?” అంది. “ఇందాక లారీ వస్తే నా కాళ్లు వణికాయి. రేపూ వణుకుతాయి. ఇంట్లో కూర్చుంటే తగ్గుతుందన్నారు, ఏడాది కూర్చున్నాను. తగ్గకపోగా పెరిగింది. ఆ లారీ దాటాక చూడు, అప్పుడు కొంచెం తగ్గింది. అంతే నాన్నా, దాటితేనే తగ్గుతోంది. నువ్వు వద్దనుకుంటే వద్దని నా మొహం మీదే చెప్పు. నీతో దెబ్బలాడతాను. అంతేగానీ చిత్రిక చాటున దాక్కోకు.”

బావ తల ఊపాడు. బస్తాలు దింపి రోడ్డు పక్కన పడేసి, బండిని నడక వేగంతో ఇంటికి తెచ్చాం.

మర్నాడు పొద్దున విరిగిన బాడీని దించేశాక, అమ్మడు వాళ్ల నాన్న షెడ్డులోంచి రెండు తిన్నని కర్రలు తెచ్చింది. తలుపు చెక్క మెలిక తిరిగిందేమో చూడ్డానికి ఆయన వాడే కర్రలు అవి. చెక్కకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి అడ్డంగా పెట్టి, ఒంటి కన్నుతో వాటి అంచులు కలుస్తున్నాయో లేదో చూస్తాడు. అమ్మడు వాటిని చాసిస్ మీద పెట్టింది, క్యాబిన్ వెనక ఒకటి, తోక దగ్గర ఒకటి. “ఇప్పుడు చూడు నాన్నా,” అంది. ఆయన వెనక నిలబడి ఒక కన్ను మూశాడు. అంచులు కలిశాయి. అమ్మడు బండి ఎక్కి, ఒక ముందు చక్రాన్ని ఇటుకల దిమ్మ మీదికి ఎక్కించి, ఆపి దిగింది.

“మళ్లీ చూడు.”

బావ చూశాడు. చాలాసేపు చూశాడు. నన్ను కూడా పిలిచి చూడమన్నాడు. ముందు కర్ర ఒకవైపుకు ఒరిగింది, వెనకది అలాగే ఉంది.

“మెలిక తిరిగింది,” అన్నాడు బావ.

“తిరగాలి. గుంతలో పడ్డప్పుడు అది అలా తిరిగితేనే చక్రాలు నేలను వదలవు. దాన్ని తిరగనివ్వకుండా మీరిద్దరూ కలిసి కాళ్లూ చేతులూ కట్టేశారు. పాపం అదేం చేస్తుంది, తెంపుకుంది.”

నేనూ బావా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గోడలో కదలకుండా నిలబడే తలుపులు చేసేవాడు ఆయన, నేలలో పాతేసే గేట్లు చేసేవాణ్ని నేను. కదిలేదాన్ని ఇద్దరం ఎప్పుడూ చేసి ఎరగం.

“ఇంకోటి,” అంది అమ్మడు. “మొక్కలకు నీళ్లు కొట్టి ఎక్కిస్తారు. వెంట్రుక దూరని నేల వేశావు. ఆ నీళ్లెటు పోవాలి?”

“చేపలు పెంచుకోవచ్చు,” అన్నాను.

“నువ్వు నోరు మూసుకో,” అన్నాడు బావ. “నీ పట్టీకి చాసిస్ తోలు ఊడొచ్చింది.”

సోమవారానికి అట్టే వ్యవధి లేదు. ఆ మనిషి అంత వేగంగా పనిచేయగలడని నాకు అప్పుడే తెలిసింది. చీలిన దూలం తీసేసి వేరేది వేశాడు. నాలుకలు, బెజ్జాలు మానేసి అడ్డదూలాలను పైన ఆనించి బోల్టులు వేశాడు. నేను గ్రైండరు పట్టుకుని నా చేత్తో పెట్టిన వెల్డింగులన్నీ నేనే కోసుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. ఊడిన చోట చాసిస్‌కు అతుకు రేకు వేసి సరిచేశాను. ఈసారి పట్టీలను చాసిస్‌లో ఉన్న బెజ్జాలకే బోల్టులతో బిగించాను. వెనక వైపు గట్టిగా, ముందు వైపు బోల్టు కింద స్ప్రింగు వేసి వదులుగా. దూలానికీ చాసిస్‌కూ మధ్య పాత టైరు కోసి రబ్బరు పట్టీలు పరిచాం.

నేల చెక్కల దగ్గర మాత్రం బావ ఆగిపోయాడు. రెండు చెక్కల మధ్య పెన్సిలు మందం సందు వదలాలి. అమ్మడు పెన్సిలు అడ్డం పెట్టి పట్టుకుంది. ఆయన సుత్తి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“చేతులు రావడం లేదురా,” అన్నాడు నాతో.

“కళ్లు మూసుకుని కానివ్వు.”

“కళ్లు మూసుకున్నా సందు కనపడుతోంది.”

ఆఖరికి కానిచ్చాడు. మొదటిదాన్ని తిట్టుకుంటూ, రెండోదాన్ని గొణుక్కుంటూ, ఆ తర్వాతవి మామూలుగా. మధ్యలో ఎవరో అటు పోతూ, “ఏం మేస్త్రీ, సందులు వదిలేశావు?” అని అడిగారు. “అవి సందులు కావు, లెక్క,” అన్నాడు, తలెత్తకుండానే. అమ్మడు పెన్సిలు నోట్లో పెట్టుకుని నవ్వు ఆపుకుంది. దాని నవ్వు విని ఆయనకూ నవ్వొచ్చింది. రాత్రికి అక్కతో సహా నలుగురం అదే గుంత దాటి వచ్చాం. బండి ఒళ్లు విరుచుకున్నట్టు కిర్రుమంది, అంతే. ఏదీ విరగలేదు.

సోమవారం పొద్దున చినుకులు పడుతున్నాయి. అమ్మడు ఇంజను వేడెక్కనిస్తూ అద్దాలు సరిచేసుకుంటోంది. నేను తెల్లవారగానే షెడ్డుకు తాళం వేసి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. మొదటి రోజు కదా, తోడు ఎవరో ఒకరు ఉండాలి కదా అనుకున్నాను. అక్క కిటికీలోంచి నీళ్ల సీసా అందించి, నా భుజం మీద చెయ్యి వేసి, “జాగ్రత్తగా చూసుకోరా,” అంది.

బావ షెడ్డులోంచి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. బోల్టులు ముట్టుకోలేదు, చెక్క తడమలేదు. నా వైపు వచ్చి తలుపు తెరిచాడు.

“దిగు,” అన్నాడు.

“ఎందుకు? నువ్వొస్తావా?”

“నేను రాను. నువ్వు దిగు.”

“బావా, మొదటి రోజు...”

“అదే చెబుతున్నాను. ఇవాళ నిన్ను తోడు పంపితే రేపూ పంపుతాను. ఎల్లుండీ పంపుతాను. నా సంగతి నాకు తెలుసు. దిగరా బాబూ.”

అమ్మడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తోంది. నేను దిగాను. బావ నా సీట్లో పడిన రంపప్పొట్టు తుడిచి, లోపలికి వంగి, “వెళ్లి రా అమ్మా,” అన్నాడు. తలుపు వేశాడు.

“వెళ్లొస్తాను నాన్నా.”

బండి కదిలింది. కదలగానే బావ వీధికి వీపు తిప్పేసి, షెడ్డు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. “నేను చూడలేనురా. నువ్వు చూసి చెప్పు,” అన్నాడు.

“వీధి చివరికి వెళ్లింది,” అన్నాను.

“తర్వాత?”

“ఆగింది.”

“ఆగిందా? ఏమైంది?”

“ఏం కాలేదు. బస్సు వస్తోంది, దారిచ్చింది. ఇంకో కారు. దానికీ ఇచ్చింది. ఇటు చూసింది. అటు చూసింది.”

“తర్వాత?”

“సిగ్నలు వేసింది. తిరిగింది.”

“ఎలా తిరిగింది?”

“నెమ్మదిగా, బావా. చక్కగా తిరిగింది. ఇక కనపడదు.”

అప్పుడు ఇటు తిరిగాడు. ఖాళీ వీధిని చివరిదాకా చూశాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అక్క గుమ్మంలోంచి వచ్చి పక్కన నిలబడింది. ఇంతలో సైకిలు మీద పేపరు వేసే ఆయన మా ముందునుంచి పోతుంటే, బావ చెయ్యి ఎత్తి ఆపాడు. ఆయన కంగారుగా కాలు కింద పెట్టి, ఏం కావాలన్నట్టు చూశాడు.

“మా అమ్మాయి,” అన్నాడు బావ, వీధి చివరకు చెయ్యి చూపించి. “ఒక్కతే వెళ్లింది.”